పాపిడి తీసిన పేరు

మా కోనసీమలో కొండ లేదు. అమలాపురం నుంచి రాజోలు దాకా, కొత్తపేట నుంచి అంతర్వేది దాకా ఎటు చూసినా చదును నేలే. ఎత్తు అంటే మాకు మెరక. పల్లంలో వరి, మెరక మీద కొబ్బరి. ఇల్లు కట్టుకునేవాడు ముందు మట్టి తోలించి మెరక చేసుకుంటాడు. అలాంటి చోట పుట్టిన మా నోళ్ళలో కూడా ఒక కొండల వరస పేరు మేనత్త పేరులా నానుతూ ఉంటుంది. పాపికొండలు.

ఆ పేరు మీద నాకు చిన్నప్పటి నుంచీ మోజు. పాపిడికొండలే వాడుకలో పాపికొండలయ్యాయని గోదావరి మీద బతికేవాళ్ళు చెబుతారు. ‘డి’ ఎక్కడ జారిపోయిందో తెలియాలంటే ఆ మాటను నాలుగుసార్లు గబగబా పలికి చూడండి. వెనకాలే కొండలోని ‘డ’ కాచుకుని ఉంది. ఒకే మాటలో రెండూ ఎందుకని నాలుక మొదటిదాన్ని వదిలేసి ఉంటుంది. దానివల్ల కొత్తగా వినేవాళ్ళకి అందులో పాపం చేసినవాడెవడో వినిపిస్తాడు. నిజానికి ఆ మాట దువ్వెన దగ్గర పుట్టింది. పాపిడిబిళ్ళలో ‘డి’ ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మా మామ్మ జడ వేసేటప్పుడు ముందు అరచేతినిండా కొబ్బరినూనె పోసి తలంతా అణిచేది. తర్వాత దువ్వెన కొనను నుదుటి మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, నడినెత్తి దాకా ఒక్క గీత లాగేది. అటు జుట్టు అటు, ఇటు జుట్టు ఇటు ఒరిగిపోయేది. మధ్యలో సన్నగా, తెల్లగా దారి. గీత వంకర పోతే మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టేది.

లాంచీలో పాపికొండలు వెళ్ళినప్పుడు ఆ గీత మళ్ళీ కనబడింది. పోలవరం దాటి పైకి పోయేకొద్దీ రెండు ఒడ్లూ దగ్గరికి జరుగుతాయి. అంత గోదావరీ చిక్కిపోయి కొండల మధ్య దూరుతుంది. ఇక దారి లేదు, ఎదురుగా కొండ మూసుకుపోయింది అనుకునే చోట సరంగు చుక్కాని కాస్త తిప్పుతాడు. మూసుకున్నదల్లా విడిపోతుంది. అడవి అటూ ఇటూ నూనె రాసిన జుట్టులాగా నీళ్ళ దాకా వాలి ఉంటుంది. మనం ఎక్కిన లాంచీయే దువ్వెన కొన. ఆ పేరులోని పనితనానికి నేను చేతులు జోడిస్తాను. పేరు పెట్టినవాళ్ళు దూరంగా నిలబడి శిఖరాన్ని చూడలేదు. పడవలో కూర్చుని, నీటిమట్టం నుంచి చూసి పెట్టారు. అందుకే శిఖరం లెక్కలోకి రాలేదు. రెండు కొండల మధ్య ఉన్న సందే పేరైంది.

ఇంగ్లీషు దొరలు ఇదే కొండను బైసన్ హిల్ అని రాసుకున్నారు. అడవిదున్నలు తిరిగే కొండ అని. తప్పు పేరేమీ కాదు, దున్నలు ఉన్న మాట నిజమే. కానీ అది వేటకు వెళ్ళినవాడి కళ్ళతో చూసిన కొండ. మనవాళ్ళ పేరులో తల దువ్వే చెయ్యి ఉంది. ఆ దారిలోనే గండి పోచమ్మ గుడి ఉంది, శివాలయమున్న పేరంటాలపల్లి ఉంది. పాపిడి, పేరంటాలు, పోచమ్మ అంటూ ఆ నదీమార్గం పొడుగునా ఆడవాళ్ళ మాటలే వినిపిస్తాయి.

వాడుకలో ఈ పేరు ఎంత అరిగి నునుపెక్కిందో చూడండి. మా దగ్గర ఎవరూ ‘పాపికొండలకు వెళ్ళొచ్చాం’ అని పట్టిపట్టి అనరు. ‘పాపికొండలు వెళ్ళొచ్చాం’ అంటారు. ‘కు’ కూడా అక్కర్లేనంత దగ్గరితనం.

ఈ దగ్గరితనం ఊరికే రాలేదు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అన్నీ కలిసిన నీళ్ళు ఆ సందులోంచే రావాలి. వరదల్లో భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులకు మూడు హెచ్చరికలు. మా లంకల్లో చదువు రానివాళ్ళకు కూడా ఈ అంకెలు కంఠతా వచ్చు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జులైలో 71.3. ఎర్రనీరు దిగే ఆ రోజుల్లో కొండల మధ్య పాపిట నిండా కుంకుమే. ధవళేశ్వరం దాటాక అదే నీరు గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలై మా మీదికి వస్తుంది. ముంచినప్పుడు ముంచుతుంది. పోతూ పోతూ ఒండ్రు వదిలిపెడుతుంది. మేం అరటి వేసే లంక, కూర వేసే లంక ఆ ఒండ్రే. కొండ లేని సీమ అన్నాను గానీ, మా కాళ్ళ కింది మట్టి ఆ పాపిడి దారిలో నడిచి వచ్చిందే.

మా పేరులోని ‘కోన’ సంగతీ చెప్పాలి. శేషాచలం కొండల్లో తలకోన ఉంది, నెల్లూరు వైపు పెంచలకోన ఉంది. అక్కడ కోన అంటే కొండల నడిమి లోయ. మా దగ్గర కోన అంటే మూల అనీ, రెండు పాయలూ సముద్రమూ కలిసి గీసిన మూడు మూలల నేల అనీ చెబుతారు. సముద్రం పక్కన కాట్రేనికోన ఉంది, దాని చుట్టూ కనుచూపు మేర కొండ లేదు. అక్కడ లోయను చూపించిన మాటే ఇక్కడ నీటి నడుమ మూలను చూపిస్తోంది. పాత మాటకు కొత్త నేలను ఇంత చక్కగా తొడిగినవాళ్ళు ఎవరో!

మళ్ళీ పాపిడి దగ్గరికే వస్తే, దాని దిగువన పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. అంత నీరు నిలబడ్డాక ఆ సందులో ఒడ్లు పైకి జరుగుతాయి, గీత వెడల్పవుతుంది. దేవీపట్నం వైపు ఊళ్ళు ఎన్నో ఇప్పటికే ఖాళీ అయ్యాయి. వరద తగ్గి నీళ్ళు తేరుకోగానే, ఈ చలికాలంలో మళ్ళీ లాంచీ ఎక్కుతాను. మా మనవరాలిని ముందు వరసలో కూర్చోబెట్టి, పాపిడి ఇంకా సన్నగా ఉండగానే చూపించాలి.