చేతిది కాదు తప్పు, తెరది

వేగంగా సాగే వీడియో గేమ్‌లో పిల్లలు ఓడిపోతే మన ఇళ్లలో రెండే కారణాలు వినిపిస్తాయి. పెద్దలు చేతులు సాగడం లేదంటారు, పిల్లలు నెట్ స్లోగా ఉందంటారు. మూడో కారణం ఎదురుగా గోడకే వేలాడుతున్నా దాన్ని ఎవరూ అనుమానించరు. బటన్ నొక్కిన క్షణానికీ, దాని ఫలితం కంటికి కనిపించే క్షణానికీ మధ్య టీవీ తనంతట తానే కొంత సమయాన్ని మింగేస్తుంది. ఆటగాళ్లు దీన్ని ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు. నిజాంసాగర్, బాన్సువాడ వంటి చోట్ల కూడా పెద్ద స్మార్ట్ టీవీ ఇప్పుడు వింత వస్తువేమీ కాదు. ఫోన్‌లో ఆడే బీజీఎంఐనో ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌నో ఆ తెర మీదికి ఎక్కించి ఆడాలన్న సరదా కూడా దానితోపాటే వచ్చింది. అందుకే ఈ మాట చెప్పాల్సి వస్తోంది. ఆటగాడి చేతిని తప్పుపట్టే ముందు, కొత్త ఫోనో కొత్త కనెక్షనో కొనే ముందు, తెర చేసే ఆలస్యాన్ని కొలుచుకోవాలి, తగ్గించుకోవాలి. చాలా ఇళ్లలో అందుకు పైసా ఖర్చుండదు.

ముందు ఒక గందరగోళం తొలగాలి. టీవీ అట్టపెట్టె మీద 120 హెర్ట్జ్ అనో, 1 మిల్లీసెకను అనో పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మొదటిది సెకనుకు ఎన్ని బొమ్మలు చూపగలదో చెబుతుంది. రెండోది తెర మీది చుక్క ఎంత త్వరగా రంగు మారుతుందో చెబుతుంది. లోపలికి వచ్చిన బొమ్మ ఎంత సేపటికి బయటపడుతుందో ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. నిజాంసాగర్ ఆయకట్టు రైతుకు ఈ తేడా ఒకరు విడమరచి చెప్పనక్కర్లేదు. ప్రాజెక్టు కాలువలోకి ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది ఒక లెక్క, తూము ఎత్తాక ఆ నీరు చివరి మడికి ఎప్పుడు చేరిందన్నది వేరే లెక్క. కాలువ నిండుగా పారుతున్నా చిట్టచివరి పొలం ఇంకా ఎదురుచూస్తూనే ఉండొచ్చు. అలాగే ఒక టీవీ సెకనుకు 120 బొమ్మలు చూపిస్తూనే, ప్రతి బొమ్మనూ సెకనులో పదో వంతు ఆలస్యంగా చూపించగలదు. కొనేవాళ్లు ప్రవాహాన్ని చూసి కొంటున్నారు. ఆటలో గెలుపోటములు తేల్చేది మాత్రం నీరు చేరే సమయం.

ఈ ఆలస్యం ఎక్కడ పుడుతుంది? పాత డబ్బా టీవీలో ఈ చిక్కు దాదాపు లేదు. సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే ఎలక్ట్రాన్ పుంజం గీతలు గీతలుగా తెరను వెలిగించేది, దాచిపెట్టుకోవడానికి అందులో చోటే లేదు. ఇప్పటి టీవీ అలా కాదు. బొమ్మను ముందు జ్ఞాపకంలో పెట్టుకుంటుంది, తెర పరిమాణానికి సాగదీస్తుంది, మచ్చలు తుడుస్తుంది, రంగులు దిద్దుతుంది, ఆ తర్వాతే బయటికి పంపుతుంది. వీటిలో ఎక్కువ సమయం తినేది కదలికను నునుపు చేసే ఏర్పాటు. రెండు బొమ్మల మధ్య లేని మూడో బొమ్మను అది సృష్టించాలి. అందుకు రెండో బొమ్మ వచ్చేదాకా మొదటిదాన్ని ఆపి ఉంచక తప్పదు. సెకనుకు 60 బొమ్మలు వచ్చే ఆటలో ఒక్కో బొమ్మ వయసు 16.7 మిల్లీసెకన్లు. కాబట్టి ఎంత ఖరీదైన చిప్ పెట్టినా కనీసం అంత ఆలస్యం, దాని పైన లెక్క కట్టే సమయం తప్పవు. ఈ హంగులన్నీ నడుస్తున్నప్పుడు చాలా టీవీల్లో ఆలస్యం 50 మిల్లీసెకన్లు దాటుతుంది, కొన్నిటిలో 100 కూడా దాటుతుంది. అదే టీవీని ఈ హంగులను ఆపేసే గేమ్ మోడ్‌లో పెడితే మంచి మోడళ్లలో 10 నుంచి 20కి దిగుతుంది. తెర అదే, తీగ అదే. తీసేసింది అలంకారాన్ని మాత్రమే.

ఇది ఆటగాళ్ల భ్రమ కాదనడానికి సాక్ష్యం కావాలంటే 1984 నాటి డక్ హంట్ ఉంది. క్యాసెట్లతో ఆడే వీడియో గేమ్‌ల కాలంలో ప్లాస్టిక్ తుపాకీతో బాతులను కొట్టిన తరానికి అది గుర్తుండే ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం వెలిగేది. తుపాకీ గొట్టంలోని కాంతి కన్ను సరిగ్గా ఆ క్షణంలో వెలుతురు చూస్తే గురి కుదిరినట్టు, లేకపోతే తప్పినట్టు. ఆ పాత తుపాకీని నేటి పలుచటి టీవీకి ఎదురుపెడితే ఒక్క బాతూ పడదు. గురి ఎంత కుదిరినా, తెల్లటి చదరం తెర మీదికి వచ్చేసరికి ఆట దాని కోసం చూడటం మానేసి ఉంటుంది. ఇక్కడ తప్పు మోపడానికి మనిషి చేయి లేదు, నెట్ లేదు. ఆట కూడా అప్పటిదే. మారింది తెర ఒక్కటే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. కంటికి కనిపించినదానికి వేలు స్పందించడానికే మనిషికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది కదా, టీవీ చేసే 80తో ఏం పోతుందని అడుగుతారు. కానీ ఆ 80 మన సమయంలో దాక్కోదు, దానికి అదనంగా కలుస్తుంది. ఒక ఫైటింగ్ గేమ్‌లో ప్రత్యర్థి దెబ్బ తగలడానికి 20 ఫ్రేములు, అంటే 20 బొమ్మల కాలం, 333 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. ఆటగాడి స్పందనకు 240 పోతే మిగిలేది 93. తెర 100 తీసుకుంటే ఆ దెబ్బను చూసి ఆపడం ఎంతటివాడికైనా అసాధ్యం. ఇద్దరు ఎదురుపడి కాల్చుకునే ఆటలోనూ ఇదే లెక్క. సెకనుకు పది తూటాలు వదిలే ఏకేఎం తుపాకీ చేతిలో ఉన్న ప్రత్యర్థికి 100 మిల్లీసెకన్ల మొగ్గు అంటే ఒక తూటా ముందుగా ఇచ్చినట్టే. పైగా ఆట అంటే ఒకసారి చూసి ఒకసారి నొక్కడం కాదు. గురిని కాస్త జరిపి, ఎక్కడికి వచ్చిందో చూసి, మళ్లీ జరపడం. ఆలస్యం ఆ ప్రతి దిద్దుబాటులోనూ దూరుతుంది. 1993లో మెకెంజీ, వేర్ అనే పరిశోధకులు మౌస్‌తో గురి చూసే పనిలో కావాలని ఆలస్యం చొప్పించి కొలిచారు. 225 మిల్లీసెకన్ల దగ్గర పని పూర్తయ్యే సమయం 64 శాతం, తప్పులు 214 శాతం పెరిగాయి. సమయం కంటే తప్పులే మూడు రెట్లకు పైగా ఎక్కువ శాతం పెరిగాయన్నది గమనించాలి. ఆలస్యం చేసే తెర మంచి ఆటగాడిని నిదానస్తుడిగానే కాదు, గురిలేనివాడిగా కూడా చూపిస్తుంది.

ఆడగా ఆడగా అలవాటవుతుందన్నది రెండో అభ్యంతరం. ఇందులో సగం నిజముంది. పాటకు తగ్గట్టు బటన్లు నొక్కే గిటార్ హీరో, రాక్ బ్యాండ్ వంటి ఆటల్లో తెర ఆలస్యాన్ని ముందే సరిచూసుకునే ఏర్పాటు ఉంటుంది. వచ్చే తాళం ఎప్పుడు పడుతుందో ముందే తెలుసు కాబట్టి అక్కడ సర్దుబాటు కుదురుతుంది. గోడ వెనక నుంచి శత్రువు ఎప్పుడు తొంగిచూస్తాడో ముందే తెలియదు. తెలియనిదానికి ముందుగా స్పందించడం ఏ సాధనతోనూ రాదు. ఆలస్యం ఒకసారి 60, ఒకసారి 140గా ఊగిసలాడితే అలవాటన్న మాటకే తావుండదు. ఫోన్ తెరను వైఫై ద్వారా టీవీకి పంపినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. ఫోన్ బొమ్మను కుదించాలి, గాలిలో పంపాలి, టీవీ దాన్ని విప్పాలి, ఆపైన తన అలంకారం చేయాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అడుగుల చప్పుడు కూడా ఆలస్యంగానే వస్తుంది. బొమ్మ ఒక సమయంలో, శబ్దం మరొక సమయంలో అందే ఆటగాడు దేనికని అలవాటు పడాలి?

మూడోది, మన పల్లెల్లో అసలు బాధ నెట్‌దే కదా అన్న మాట. నెట్ బాధ నిజమే, కానీ దాని మీద నిఘా ఉంది. పింగ్, అంటే సమాచారం సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం, ఎంతో ఆటే తెర మూలన అంకె వేసి చూపిస్తుంది. దాన్ని సరిదిద్దే ప్రయత్నమూ ఉంది. 2001లోనే వాల్వ్ కంపెనీ ఇంజినీరు యాన్ బెర్నియర్ ఒక పద్ధతిని వివరించారు. తూటా పేల్చిన క్షణంలో ఆ ఆటగాడికి ఏం కనిపించిందో సర్వర్ వెనక్కి వెళ్లి చూసి తీర్పు చెబుతుంది. ఇలాంటి పద్ధతులు నేటి ఆన్‌లైన్ షూటింగ్ ఆటల్లో సాధారణం. కానీ టీవీ ఎంత ఆలస్యం చేసిందో సర్వర్‌కు తెలియదు. బొమ్మను ఫోన్ వదిలినప్పుడే ఆటగాడు చూశాడని అది నమ్ముతుంది. అంటే నెట్ ఆలస్యానికి ఎంతో కొంత పరిహారం దొరుకుతుంది, తెర ఆలస్యానికి ఏమీ దొరకదు. డూమ్ ఆట సృష్టికర్తల్లో ఒకరైన జాన్ కార్మాక్ 2012లో దీని మీదే వాపోయారు. తన దగ్గర నుంచి ఐరోపాకు డేటా ప్యాకెట్ చేరడం కన్నా, ఎదురుగా ఉన్న తెర మీద ఒక చుక్క వెలగడానికే ఎక్కువ సేపు పడుతోందన్నది ఆయన ఆవేదన.

చివరిది, ఆటల గురించి ఇంత చర్చ దేనికన్న ప్రశ్న. పిల్లలు ఎంతసేపు ఆడాలో, అసలు ఆడాలో వద్దో ఇంటి పెద్దలు తేల్చాల్సిందే, ఆ బాధ్యతను నేను తక్కువ చేయడం లేదు. అయితే ఇ-స్పోర్ట్స్‌ను కేంద్రం 2022 డిసెంబరులోనే క్రీడల పరిధిలోకి తెచ్చింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వాటికి పతకాలిచ్చారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించిన 2025 నాటి చట్టమే ఇ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. గేమింగ్ పరిశ్రమ కోసం తెలంగాణ 2016లోనే ప్రత్యేక విధానం ప్రకటించింది. క్రీడ అని ఒప్పుకున్నాక పరికరం నిజాయితీగా ఉండాలని కోరడం అత్యాశ కాదు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. చేయని తప్పుకు నీ చేతులు సాగవని ఒక పిల్లకో పిల్లవాడికో పదేపదే చెప్పడం అన్యాయం.

చేయాల్సింది కష్టమేమీ కాదు. టీవీ సెట్టింగుల్లో పిక్చర్ మోడ్‌ను వివిడ్ నుంచో స్టాండర్డ్ నుంచో గేమ్‌కు మార్చండి. గేమ్ మోడ్ లేకపోతే కదలికను నునుపు చేసేవీ, మచ్చలు తుడిచేవీ ఒక్కొక్కటిగా ఆపండి. ఫోన్ తెరను వైఫై ద్వారా టీవీకి పంపే మిర్రరింగ్ వదిలి, ఫోన్‌లో వీలుంటే కేబుల్ వాడండి, లేదా ఫోన్ తెరనే చూసి ఆడండి. ఇయర్‌ఫోన్లకు తీగ ఉండనివ్వండి. తేడా వచ్చిందో లేదో నమ్మకం మీద వదలొద్దు. మరో ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి వేలినీ తెరనూ కలిపి తీయండి. వేలు తగలడం నుంచి తెర కదలడం దాకా ఫ్రేములు లెక్కపెట్టి, ఫ్రేముకు 4.2 మిల్లీసెకన్ల చొప్పున వేయండి. గేమ్ మోడ్‌కు ముందూ తర్వాతా వచ్చిన అంకెల మధ్య తేడా ఎంతో, మీ టీవీ అలంకారం పేరుతో ఇన్నాళ్లూ తీసుకున్న సమయం అంత. కరెంటు వాడకం ఎంతో టీవీ మీద నక్షత్రాలు వేసి చెబుతున్నారు. అదే వరుసలో ఇన్‌పుట్ ల్యాగ్ ఎన్ని మిల్లీసెకన్లో ముద్రించాలని కంపెనీలను అడగాలి. దుకాణంలో ప్రతి కొనుగోలుదారూ ఆ అంకె ఎంతని అడగడం మొదలుపెడితే, అది అట్టపెట్టె మీదికి వచ్చి తీరుతుంది.