తుడవని అద్దం

ఇంగ్లండ్ ఆగ్నేయ భాగంలో చాలా ఊళ్ల కుళాయి నీళ్లు సుద్దరాతి పొరల్లో ఊరి వస్తాయి. రెడింగ్‌లోనో స్లౌలోనో కాపురం పెట్టిన తెలుగువాళ్లకు ఈ సంగతి ముందుగా కెటిల్ చెబుతుంది. కొద్ది వారాల్లోనే దాని అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. మన బోరు నీళ్ల బకెట్టుకు పట్టే తెలుపూ ఇదీ దాదాపు ఒకటే సరుకు, ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. లీటరు నీటిలో 300 మిల్లీగ్రాముల దాకా లవణాలు కరిగి ఉండటం అక్కడ మామూలే. తాగడానికి ఏ ఇబ్బందీ లేదు; మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 కూడా 500 దాకా ఆమోదిస్తుంది. ఆ నీళ్లతో కిటికీ కడిగి వదిలేస్తే మాత్రం ఆరిన ప్రతి చుక్కా ఒక తెల్లటి మచ్చ పెట్టిపోతుంది.

అందుకే కిటికీలు తుడిచేవాళ్లు ఎప్పుడూ నీళ్లను అద్దం మీద ఆరనిచ్చేవారు కాదు. సబ్బునీళ్లు రాసి, రబ్బరు వైపరుతో కిందికి లాగి, అంచుల్లో మిగిలిన తడిని గుడ్డతో అద్దేవారు. దానికి చెయ్యి అద్దందాకా చేరాలి. పై అంతస్తుకు చెయ్యి చేరాలంటే నిచ్చెన కావాలి. నిచ్చెన జారితే ఏమవుతుందో ఆ వృత్తిలో అందరికీ తెలుసు. బ్రిటన్‌లో 2005లో వచ్చిన నిబంధనలు, నేల మీద నిలబడి చేయగలిగిన పనికి ఎత్తు ఎక్కొద్దన్నాయి. అప్పటికే కొందరు వాడుతున్న పద్ధతికి అది ఊతమైంది. పనివాడు నేల మీదే ఉంటాడు. పొడవాటి పోలు చివర బ్రష్షు, బ్రష్షులోంచి నీళ్లు. రుద్దడం, కడగడం, తడి తడిగానే వదిలేసి పక్కింటికి పోవడం.

ఈ వదిలేయడంలోనే ఉంది కిటుకంతా. ఆరాక ఏమీ మిగలకూడదంటే నీటిలో ముందే ఏమీ ఉండకూడదు. ఒక మనిషి, ఒక వ్యాను, ఒక గ్యారేజీ ఉన్న వ్యాపారానికి రోజుకు 400 లీటర్లు కావాలనుకుందాం. 300 చొప్పున లెక్కేస్తే అందులో కరిగి ఉన్నది 120 గ్రాములు. కంటికి కనపడని ఆ 120 గ్రాములనూ ప్రతి రాత్రీ గ్యారేజీ గోడ దగ్గరే ఆపేయాలి.

గోడకు బిగించిన చట్రంలో కుళాయి నీళ్లు మొదట కలిసేది 5 మైక్రాన్ల పీచు ఫిల్టరును. పైపుల్లో కొట్టుకొచ్చిన తుప్పు, ఇసుక అక్కడ ఆగిపోతాయి. రెండోది అచ్చుపోసిన బొగ్గు ఫిల్టరు. దాని పని క్లోరిన్ తీసేయడం. అద్దానికి క్లోరిన్ వల్ల వచ్చే నష్టమేమీ లేదు, ఉన్నది కూడా లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపే. మరెందుకు తీయడమంటే, తర్వాత వచ్చే ఆర్‌ఓ మెంబ్రేన్ కోసం. ఆ పొర పాలిఅమైడ్‌తో చేసింది. క్లోరిన్ దాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది, చెడిన పొర మళ్లీ బాగుపడదు. చవక ఫిల్టరు ఖరీదైనదానికి కాపలా కాయడం ఈ వరస పొడుగునా కనిపిస్తుంది. ఈ ఫిల్టర్లకు ముందొకటి, వెనకొకటి ప్రెషర్ గేజి పెడతారు. రెండు ముళ్ల మధ్య తేడా పెరుగుతోందంటే ఫిల్టరు పూడుకుపోతోందన్నమాట. విప్పి చూడక్కర్లేదు.

ఇక మెంబ్రేన్. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1960 ప్రాంతంలో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి పనికొచ్చే ఆర్‌ఓ పొరను తయారుచేశారు. వాళ్లది సెల్యులోజ్ అసిటేట్. ఇప్పుడు వాడే పాలిఅమైడ్ పొర 1970ల్లో జాన్ కాడొట్ చేతిలో రూపు దిద్దుకుంది. కిటికీలవాళ్లు ఎక్కువగా వాడే సైజు పేరు 4040: 4 అంగుళాల లావు, 40 అంగుళాల పొడవు. బయటి నుంచి ఫైబర్ గ్లాస్ చుట్టిన దుంగలా ఉంటుంది. దాన్ని అడ్డంగా కోసి చూపిస్తే తప్ప లోపలి పనితనం తెలియదు.

రెండు పొరలను వీపులు కలిపి, మధ్యలో ఒక నేత గుడ్డ పెట్టి, మూడు అంచులు జిగురుతో మూసేస్తారు. అది ఒక సంచి అవుతుంది. నాలుగో అంచు తెరిచే ఉంటుంది. ఆ అంచును చిల్లులున్న నడిమి గొట్టానికి అతుకుతారు. ఇలాంటి సంచుల మధ్య ప్లాస్టిక్ వల పరిచి, అన్నిటినీ ఆ గొట్టం చుట్టూ బిగించి చుట్టేస్తారు. కుళాయి నీళ్లు ఒక చివర వల సందుల్లోకి దూరి నిడివిగా సాగుతాయి. ఒత్తిడికి వాటిలో కొంత నీరు పొర దాటి సంచిలో పడుతుంది. అక్కడి నుంచి గుడ్డ వెంబడి సుళ్లు తిరుగుతూ నడిమి గొట్టం చేరుతుంది. అసలు పని చేసే పాలిఅమైడ్ మందం మైక్రాన్‌లో అయిదో వంతుకు అటూ ఇటూ. కింద ఉన్న మిగతా మందమంతా దానికి ఆసరా. ఇది రంధ్రాల్లో చెత్త ఆపే జల్లెడ కాదు. నీటి అణువు ఆ పాలిమర్‌లో ఇమిడి అవతలికి పోగలదు, కాల్షియం అయాను అంత తేలిగ్గా పోలేదు. అందుకే నూటికి 95 నుంచి 98 పాళ్ల లవణం ఇవతలే నిలిచిపోతుంది.

మరి ఇవతల మిగిలినదాన్ని ఏం చేయాలి? కొంత నీటిని అదే పనిగా రెండో చివర నుంచి బయటికి పోనివ్వాలి. మన ఇళ్లలో ఆర్‌ఓ పెట్టుకున్నవాళ్లు ఈ గొట్టాన్ని చూసి నీళ్లు వృథా అవుతున్నాయని బాధపడుతుంటారు. బాధ న్యాయమైనదే, కానీ ఆ నీళ్లు ఊరికే పోవడం లేదు, పొరను ఊడ్చుకుంటూ పోతున్నాయి. వచ్చిన దాంట్లో సగం పొర దాటితే మిగతా సగంలో లవణం 300 నుంచి దాదాపు 600 అవుతుంది. ఇంకా పిండుకుందామని వ్యర్థం గొట్టపు వాల్వును బిగిస్తే ఆ అంకె ఎగబాకుతుంది, పొర మీదే సున్నం కడుతుంది. ఆ చిన్న వాల్వును ఎంత తిప్పాలో తెలిసినవాడికి మెంబ్రేన్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

చలికి ఉత్పత్తి మందగిస్తుంది. మెంబ్రేన్ మీద రాసి ఉండే అంకె 25 డిగ్రీల నీటికి వర్తిస్తుంది. ఆ కింద డిగ్రీకి సుమారు 3 శాతం చొప్పున తగ్గుతూ, జనవరిలో 5 డిగ్రీల నీళ్లొచ్చే రోజుల్లో సగానికి వస్తుంది. కుళాయి ఒత్తిడి చాలకపోతే బూస్టరు పంపు పెడతారు. మిగిలినదాన్ని రాత్రికి వదిలేస్తారు. ట్యాంకు నిండగానే ఫ్లోటు వాల్వు మూసుకుంటుంది; వెనక పెరిగిన ఒత్తిడికి ఇంకో వాల్వు కదిలి కుళాయి నీటినే ఆపేస్తుంది. ఆ రెండోది లేకపోతే మంచినీళ్లు ఆగిపోయినా వ్యర్థం తెల్లవార్లూ కాలువలోకి పారుతూనే ఉంటుంది.

మెంబ్రేన్ దాటాక 300 కాస్తా 9 దగ్గరికి దిగుతుంది. 400 లీటర్లకు 120 గ్రాములున్న చోట మూడున్నర గ్రాములు. చాలామందికి ఇది చాలనిపిస్తుంది. ఈ వృత్తిలో మాత్రం లవణాలు కొలిచే మీటరు సున్నా చూపాలి. ఆ చివరి మూడున్నర గ్రాముల కోసం డీఐ (డీఅయొనైజేషన్) సిలిండరు. దాన్నిండా తేనెరంగు రెజిన్ పూసలు, ఒక్కోటి అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. థేమ్స్ ఒడ్డున టెడింగ్టన్‌లోని ప్రయోగశాలలో 1935లో ఆడమ్స్, హోమ్స్ అనే ఇద్దరు తయారుచేసిన కృత్రిమ రెజిన్లు వీటికి పూర్వీకులు.

పూసలు రెండు రకాలు. ఒక రకం కాల్షియం, సోడియం లాంటి ధన అయాన్లను పట్టుకుని బదులుగా హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. రెండో రకం బైకార్బొనేట్, క్లోరైడ్ లాంటి రుణ అయాన్లను పట్టుకుని హైడ్రాక్సిల్ అయాన్లను వదులుతుంది. వదిలిన రెండూ కలిస్తే నీరే. లవణం తీసిన చోట పడింది కూడా నీళ్లే! ఈ రెండు రకాలనూ విడివిడి సిలిండర్లలో పెట్టొచ్చు కదా అని అనిపిస్తుంది. విడిగా పెడితే మొదటి సిలిండరులో ఆమ్లం పోగై, పట్టుకున్నదాన్ని పూస తిరిగి వదలడం మొదలుపెడుతుంది. కలిపేస్తే పుట్టిన హైడ్రోజన్ పక్క పూస దగ్గరే నీరైపోతుంది, వెనక్కి తిరిగే దారి ఉండదు. ధన పూసల సత్తా ఎక్కువ కాబట్టి వాటిని 40 పాళ్లు, రెండో రకాన్ని 60 పాళ్లు కలుపుతారు, రెండూ ఒకేసారి అయిపోయేలా. ఈ ఏర్పాటు మొత్తంలో నాకు అన్నిటికన్నా తెలివైనదనిపించింది ఈ కలపడమే.

అసలు రెజిన్ ఒక్కటే ఈ పనంతా చేయలేదా? చేస్తుంది. కాకపోతే 300 మోయాల్సిన పూసలు 9 మోస్తే ముప్ఫై రెట్ల దాకా ఎక్కువ కాలం రావాలి. అంతా ఆ లెక్క ప్రకారమే జరగదు. కార్బన్ డయాక్సైడ్ వాయువు మెంబ్రేన్‌ను ఇట్టే దాటేసి రుణ అయాన్ల పూసలను చడీచప్పుడు లేకుండా ఖర్చు చేస్తుంది. ఆర్‌ఓ కొన్ని గంటలు ఆగి ఉంటే లవణం మెల్లగా పొర దాటి అవతల చేరుతుంది కాబట్టి, వాడే ముందు తొలి ఒకటి రెండు నిమిషాల నీళ్లను రెజిన్‌కు పంపకుండా పారబోస్తారు. జాగ్రత్తపరులు సిలిండర్లు రెండు వరసగా పెడతారు. మొదటిది అయిపోతే రెండోదాన్ని ముందుకు జరిపి, కొత్త పూసలు నింపినదాన్ని వెనక పెడతారు. ఉన్న పూసలను చివరిదాకా వాడుకుంటూనే, మచ్చ పెట్టే నీరు ఒక్క చుక్క కూడా అద్దం దాకా పోకుండా చూసుకోవడం ఇది. అయిపోయిన రెజిన్ చేపల వాసన కొడుతుందని పాతకాపులు ముక్కుతోనే చెప్పేస్తారు.

ముక్కు కన్నా ముందు చెప్పేది టీడీఎస్ మీటరు. వాటర్ ఫిల్టరు అమ్మడానికి ఇంటికొచ్చేవాళ్ల చేతిలో మనమంతా చూసిన పెన్ను లాంటి పరికరమే. అది లవణాన్ని తూకం వేయదు, రెండు పుల్లల మధ్య నీటిలో కరెంటు ఎంత పారుతుందో కొలిచి అంచనా కడుతుంది. కిటికీలవాడు మూడు చోట్ల చూసుకుంటాడు: కుళాయి దగ్గర, మెంబ్రేన్ తర్వాత, రెజిన్ తర్వాత. నడిమి అంకె పెరిగితే తప్పు మెంబ్రేన్‌ది, చివరిది పెరిగితే రెజిన్‌ది.

శుద్ధి అయిన నీళ్లు గ్యారేజీలోని వెయ్యి లీటర్ల ట్యాంకులో నిలవ ఉంటాయి. క్లోరిన్ తీసేశాం కాబట్టి నాచును ఆపేది ఇక లేదు. తెల్ల ట్యాంకైతే నల్ల తొడుగు వేసి వెలుతురు సోకకుండా చూస్తారు. పొద్దున్నే అక్కడి నుంచి వ్యానులోని ట్యాంకుకు తోడతారు. 400 లీటర్లంటే 400 కిలోలు, చిన్న వ్యాను మోయగల బరువులో పెద్ద వాటా. బ్రేకు వేస్తే నీళ్లన్నీ ఒక్కసారి ముందుకు దూకకుండా ట్యాంకు లోపల అడ్డుగోడలు ఉంటాయి. ట్యాంకును ఉక్కు చట్రంలో కూర్చోబెట్టి, నేలరేకు కింద వెడల్పు పలకలు పెట్టి, బోల్టులు అటు నుంచి ఇటు దిగేలా బిగిస్తారు. తాళ్లతో కట్టి సరిపెట్టుకునేవాళ్లు లేకపోలేదు. వాళ్ల పక్క సీట్లో నేను కూర్చోను.

పంపు 12 వోల్టుల డయాఫ్రమ్ రకం. దాని పక్కన అరచేతిలో పట్టే కంట్రోలరు. పనివాడు వంద మీటర్ల దూరంలో, ఇంటి వెనక, పోలు దగ్గరి గొట్టాన్ని మడిచి నీళ్లు ఆపుతాడు. వ్యానులోని పంపుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ప్రవాహం ఆగితే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ పెరుగుదలను కనిపెట్టి కంట్రోలరు పంపును ఆపేస్తుంది. సెన్సరు లేదు, వైరు లేదు, కబురు మోటారు కరెంటులోనే వస్తుంది.

ఇక పోలు. ఒకదాంట్లో ఒకటి దూరే కార్బన్ ఫైబర్ గొట్టాలు, ప్రతి జాయింటుకూ క్లాంపు, చివర కోణం మార్చుకునే మెడ, మెడకు బ్రష్షు. బ్రష్షులో జెట్లు రెండు రకాలు: సన్నటి ధారగా పడేవి, విసనకర్రలా పరుచుకునేవి. నీరు పల్చని తెరగా నిలిచే అద్దానికి సన్న ధార చాలు. నీరు ముత్యాలుగా విడిపోయే అద్దానికి పరుచుకునే ధార కావాలి, లేకపోతే కొన్ని చోట్ల మురికి కడగకుండా మిగిలిపోతుంది. పని ఫ్రేము నుంచి మొదలవుతుంది, ఎందుకంటే పై అంచున దాగిన దుమ్ము తర్వాతెప్పుడో అద్దం మీదికి కారుతుంది. ఆ తర్వాత అద్దమంతా రుద్ది, బ్రష్షును రెండంగుళాలు ఎడంగా ఎత్తి, పైనుంచి కిందికి నీళ్లతోనే కడుగుతారు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని కిటికీకి మొదటిసారి మచ్చలు పడతాయి. నీళ్లు సున్నాగానే ఉన్నా ఫ్రేము సందుల్లోంచి పాత మురికి కారుతూనే ఉంటుంది. మంచి పనివాడు ఈ మాట ఇంటివాళ్లకు ముందే చెప్పి, మొదటిసారి రెండు విడతలు కడుగుతాడు.

ఇదంతా సుద్దరాతి నీళ్ల ఊరి లెక్క. స్కాట్లండ్‌లో గ్లాస్గోకు నీళ్లొచ్చేది లోక్ కాట్రిన్ సరస్సు నుంచి. కొండ వాన నీరు కాబట్టి కరిగి ఉన్నదే బహు తక్కువ. అక్కడి కిటికీలవాడికి మెంబ్రేన్, బూస్టరు పంపు, వ్యర్థం గొట్టం ఏవీ అక్కర్లేదు. ఒక రెజిన్ సిలిండరును నేరుగా కుళాయికి తగిలిస్తే సున్నా వస్తుంది, పూసలు నెలల తరబడి వస్తాయి. అదే సిలిండరును రెడింగ్ తెచ్చి కుళాయికి తగిలిస్తే వారం తిరక్కుండా మీటరు పైకి లేస్తుంది. అందుకే ఈ పనిలోకి దిగేవాడికి పెద్దలు ముందు కొనమనేది వ్యానూ కాదు, పోలూ కాదు, టీడీఎస్ మీటరు.