రేడియో మనకు చెప్పిన పాఠము

పాత రేడియో ప్రస్తావన వచ్చినప్పుడెల్ల మన పెద్దలు నిట్టూర్చుట పరిపాటియైనది. ఆ కంఠములేవి, ఆ నాటికలేవి అని ప్రశ్నింతురు. ఆ నిట్టూర్పును మేము తప్పుపట్టము. మేమును ఆ పెట్టె ముందు పెరిగినవారమే. అయినను మమకారము వేరు, విమర్శ వేరు. నిజముగా పోయినదేది, పోయినదని మనము భ్రమపడుచున్నదేది, అసలు మనకెన్నడును దక్కనిదేది అని విడదీసి చూడనిచో ఆ నిట్టూర్పు వలన ఫలము లేదు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తెలుగు కుటుంబములకు ఈ విచారణ మరింత అవసరము. ఏలయన, రేడియో ఆంధ్రదేశమునకు చేసిన ఉపకారము వేరు, మనకు చేసిన ఉపకారము వేరు.

మన స్థితి యెట్టిది? మన తాలూకాలు పూర్వము మైసూరు సంస్థానములోనివి. 1953లో ఆంధ్రరాష్ట్రమును, 1956లో భాషారాష్ట్రములును ఏర్పడగా, రాజ్యముల నడుమ నున్న పాత ఎల్ల భాషల నడుమ ఎల్లగా ఎన్నికకు వచ్చెను. 2007లో కోలారు నుండి విడివడి చిక్కబళ్ళాపురము జిల్లా యైనప్పుడును ఈ స్థితి మారలేదు. ఇంట తెలుగు, బడిలో కన్నడము, రెండును మనవే. కైవారపు తాతయ్యగారు రెండు భాషలలోను పాడిన నేల యిది. కాని మన పిల్లలలో పెక్కుమందికి తెలుగు చెవికిని నాలుకకును తెలిసిన భాషయే గాని కంటికి తెలిసిన భాష కాదు. అక్షరములు రాని యింట పుస్తకము మూగ. ఆ యింటిలో మాటలాడగలిగిన తెలుగు గురువు రేడియో ఒక్కటియే.

ఆ గురువు మన యింటికి వచ్చిన దారి గమనింపదగినది. మైసూరులో ఆచార్య ఎం. వి. గోపాలస్వామిగారు 1935లో తమ యింటనే ప్రసారము నారంభించిరి. ఆకాశవాణి అను పేరు ఆ కేంద్రమునదే. తరువాత దేశమంతటికిని అది పేరైనది. మదరాసు కేంద్రము 1938లో వెలసి తమిళముతోపాటు తెలుగును వినిపించెను. విజయవాడ కేంద్రము 1948లో వచ్చెను. నిజాము కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాదు కేంద్రమైనది. బెంగుళూరు కేంద్రము 1955లోను, కడప కేంద్రము 1963లోను తోడైనవి.

ఇవి ముఖ్యముగా మధ్యతరంగ ప్రసారములు. పగటివేళ ఆ తరంగములు నేలను అంటి సాగును గనుక దగ్గరి కేంద్రములే స్పష్టముగా వినవచ్చును. సూర్యాస్తమయము కాగానే పైయాకాశమున వానిని మ్రింగు పొర పలుచనై, అంతకు పైనున్న పొర వానిని మరల నేలకు త్రిప్పి పంపును. అప్పుడు వందల మైళ్ళ దూరపు కేంద్రములును పలుకును. అందుచేత మనవారికి తెలుగు వినుట రాత్రి పని యైనది. పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేయుచు, రాగిసంగటి కెలుకుచు, గరగరల నడుమ ముల్లును వెంట్రుకవాసి జరుపుచు విజయవాడను వెదకినవారెందరో! ఆ తరంగమునకు ఎల్ల లేదు, చెక్‌పోస్టు లేదు.

ఇక కార్యక్రమముల గుణమును విచారింతము. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అను పేర్లతో పిల్లలను పలుకరించిరి. బాలాంత్రపు రజనీకాంతరావుగారు విజయవాడ నుండి భక్తిరంజనితో తెల్లవారుజాములను నింపిరి. వారు మన బెంగుళూరు కేంద్రమునందును పనిచేసినవారే. ఉషశ్రీగారు రామాయణ భారతములను వినిపించిరి. చిలకమర్తివారి గణపతి నవల నాటికయై నండూరి సుబ్బారావుగారి గొంతున మరల పుట్టెను.

వీనిని మధురములని మెచ్చుకొని ఊరకుండుట విమర్శ కాదు. ఇవి బడిపని యెట్లు చేసినవో చూడవలెను. రేడియో నాటికకు తెరలేదు, వేషము లేదు. ఎవరు వచ్చిరి, ఎచట కూర్చుండిరి, ఏమి చేతబట్టిరి అను సమస్తమును మాటయే తెలుపవలెను. అందుచేత అందలి సంభాషణము తెగిపోవు ముక్కలుగా గాక నిండు వాక్యములుగా నడచెను. సినిమాలో కన్ను చూచినదానిని చెవి విననక్కరలేదు. రేడియోలో చెవి వినినదానిని మనస్సు కట్టుకొనవలెను. కన్నడబడిలో చదువు బాలునికి తెలుగు వాక్యపు ఆది, మధ్యము, అంతము అట్లు అబ్బెను. ఉషశ్రీగారి పద్ధతియు గొప్పది. వారు గ్రంథము చదివినట్లు గాక, అరుగు మీద కూర్చుండి ఎదుటివానికి చెప్పినట్లు చెప్పిరి. అక్షరము రాని అవ్వయు, అక్షరము మరచిన మనుమడును ఒకే ఈడువారై వినగలిగిరి.

అయితే ఆ గురువున లోపములు లేవా? కలవు. మొదటిది, శ్రోత కోరినది తెలియకపోవుట. 1952 నుండి కేంద్ర ప్రసారశాఖను నడిపిన కేస్కరుగారు సినిమా పాటలను కట్టడి చేయగా, జనులు ముల్లును సిలోను వైపు త్రిప్పిరి. 1957లో వివిధభారతి వచ్చుటకు ఆ గుణపాఠమే ముఖ్యకారణము. రెండవ లోపము మనకు మరింత దగ్గరిది. రేడియో తెలుగు చక్కని తెలుగే, కాని అది ఎక్కువగా కృష్ణాగోదావరీ తీరముల తెలుగు. “రోంత” అనుట, “యాడికి” అనుట, భోజనమును కన్నడపు పలుకుతో “ఊట” అనుట మన యింటి తీరు. ఆ తీరు పెట్టెలో మాకు వినబడుట అరుదు. వినబడినను ఏ నాటికలోనో నవ్వించు పాత్ర నోటనే వినబడెడిది.

మా యింటి ముచ్చట యొకటి చెప్పెదము. చిన్ననాడు మేము రేడియో పలుకుబడితో “అవ్వా, ఎక్కడికి వెళ్ళుచున్నారు?” అని యడుగగా, అవ్వ నవ్వి, “ఏమప్పా, నువ్వే రేడియో అయిపోయినావే!” అన్నది. అంతటితో ఆగిన బాగుండెడిది. “యాడికి” అనరాదని మేము ఆమెను దిద్దితిమి. దిద్దగా దిద్దగా అవ్వ మా యెదుట మాటలాడుట తగ్గించినది. ఆమెతోపాటు ఆమె కథలును తగ్గినవి. తప్పు రేడియోది కాదు, మాది. ఒక తెలుగు నేర్చుకొనుటకు మరియొక తెలుగును సిగ్గుపడనక్కరలేదని మాకు చెప్పినవారు లేకపోయిరి. పాత రేడియోను తలంచినప్పుడెల్ల ఈ ముల్లు మమ్ము గ్రుచ్చును.

ఇప్పుడు పోయినదేమో చూతము. విజయవాడ, హైదరాబాదు, కడప కేంద్రములు పోలేదు. ప్రసారభారతివారి యాప్‌లో బాగేపల్లి నుండియే ఆ కేంద్రములను గరగర లేకుండ పట్టపగలు వినవచ్చును. పాత నాటికలు అంతర్జాలమున దొరకుచున్నవి. 2001లో బెంగుళూరున ప్రారంభమైన ప్రైవేటు ఎఫ్.ఎం. ప్రసారములు స్వచ్ఛముగా పలుకును గాని, ఆ తరంగము చూపు సాగినంత దూరమే సాగును. నందికొండ వంటి కొండ అడ్డు వచ్చినచో దాని వెనుక బలహీనపడును. దానిలో తెలుగు వెదకుట వృథాశ్రమ. అయినను వినదలచిన వానికి తెలుగు ప్రసారము నేడు మునుపటికంటె చేరువనే యున్నది. రేడియో మన దగ్గరకు వచ్చినది. మనమే దాని నుండి లేచి పోయితిమి.

కాబట్టి పోయినది కేంద్రము కాదు, కూడి వినుట. నాడు ఇంటికొక్క పెట్టె. దానికి పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టవలెను. గోడకు జాలి ఏరియలు, నడుమ పెట్టె, చుట్టును మూడు తరములు. నాటికలో తెలియని మాట వచ్చినచో మనుమడు తాతను అడిగెను, తాత చెప్పెను. పాఠము పెట్టెలో సగము, ప్రక్కన కూర్చున్నవారిలో సగము. నేడు ఎవరి చెవిలో వారి తీగ. వినుట కలదు, అడుగుట లేదు.

ఈ విచారణ వలన కర్తవ్యము తేటపడుచున్నది. మన సంఘపు కూటములలో ఉపన్యాసములు రెండు తగ్గించి, అరగంట సేపు ఒక పాత నాటికను అందరును కలిసి వినవలెను. పిల్లలు ప్రశ్నింపవలెను, పెద్దలు బదులీయవలెను. ఆ పిమ్మట, రేడియో మనకీయని దానిని మనమే సమకూర్చుకొనవలెను: మన అవ్వల చేత, తాతల చేత మన తెలుగులోనే ఒక కథ చెప్పించి, చేతనున్న ఫోనులో భద్రము చేయవలెను. వారు “యాడికి” అన్నచోట ఎవరును దిద్దరాదు.

మా అవ్వ కంఠము ఏ ఫోనులోను లేదు. మీ యింట నింకను పలుకుచున్న కంఠముండవచ్చును. ముందు దానిని వినుడు. రేడియో ముచ్చట తరువాత చెప్పుకొందము.