అడవి పండుకు మార్కులెన్ని?

వాసన భరించలేక ఒకసారి ముఖం తిప్పుకున్న పండునే ఆ తర్వాత పండ్లన్నిటికీ రాజును చేశాడు ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్. డార్విన్‌తో పాటు ప్రకృతి వరణ సిద్ధాంతాన్ని లోకానికి చెప్పిన ఈ బ్రిటిష్ శాస్త్రవేత్త 1854 నుంచి 1862 దాకా మలయ ద్వీపాల్లో తిరిగాడు. మలక్కాలో తొలిసారి దురియన్ ఎదురైనప్పుడు ఆ కంపుకి నోట పెట్టలేకపోయాడు. బోర్నియోలో మాత్రం చెట్టు కింద రాలి పడివున్న పండు దొరికింది. ఆరుబయటే కూర్చుని తిన్నాడు. అంతే, దాసోహమైపోయాడు. 1869లో అచ్చయిన ‘ద మలయ్ ఆర్చిపెలాగో’లో దురియన్‌కు రాజపీఠం వేశాడు. రాణి స్థానం నారింజకు దక్కింది.

చెట్టు జాతి మారలేదు, తిన్న నాలుకా మారలేదు. తేడా అంతా చోటుది, గడియది. అడవి పండ్లకు మార్కులు వేయడంలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది. ‘ఏ పండు గొప్పది?’ అని బాటసారి అడుగుతాడు. ‘ఏ రోజు తిన్నావు?’ అని అడవిలో పుట్టినవాడు అడుగుతాడు.

పండ్లను వెతికి వరసలు కట్టడం పాత సరదాయే. అమెరికా వ్యవసాయ శాఖ 1898లో దేశదేశాల విత్తనాలు, మొక్కలు తెప్పించడానికే ఒక విభాగం తెరిచి, దాన్ని డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ చేతిలో పెట్టింది. ఆయన మనసు దోచుకున్నది మాంగోస్టీన్. ఇలాంటి యాత్రికుల పుస్తకాల్లో రాజులూ రాణులూ చాలామందే ఉన్నారు. ఏ పండును ఎప్పుడు ముట్టుకోవాలో, ఎప్పుడు ముట్టుకోకూడదో కనిపెట్టినవాళ్ల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ కనిపించవు. ఆ కనిపెట్టడమే అసలు విద్య.

అందులో మొదటి పాఠం ఎదురుచూడటం. మలేసియాలో దురియన్‌ను కోయరు, రాలనిస్తారు. రెండు మూడు కిలోల ముళ్లకాయ తాటిచెట్టంత ఎత్తు నుంచి పడుతుంది కాబట్టి పంటకాలంలో చెట్టు కింద నిలబడటానికి ఎవరైనా జంకుతారు. చాలా తోటల్లో కింద వలలు కడతారు. రాలిన పండును ఆ రోజో మర్నాడో తినేయాలి. ఆపైన గుజ్జు పులుస్తుంది, వాసన ముదురుతుంది. దూరదేశాలకు పంపే థాయ్‌లాండ్ రైతులు మాత్రం ముందే కోసి, దారిలో మాగనిస్తారు. ఈ రెండు పండ్లకూ ఒకే మార్కు వేయడం చెట్టున మాగిన మామిడినీ కార్బైడ్ పెట్టిన మామిడినీ ఒకే గంపలో పోయడమే.

జమైకాలో ఎదురుచూడటం ప్రాణాలతో ముడిపడిన సంగతి. అక్కడి జాతీయ ఫలం ఆకీ. పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. బానిస ఓడలు తిరిగిన 18వ శతాబ్దంలో కరీబియన్ చేరింది. కెప్టెన్ విలియం బ్లై 1793లో దీన్ని లండన్ క్యూ తోటకు తీసుకెళ్లాడు. అందుకే శాస్త్రీయ నామంలో ఆయన పేరు నిలిచిపోయింది. మన కుంకుడు కుటుంబానికి చెందిన చెట్టే ఇది. పచ్చికాయలో హైపోగ్లైసిన్ అనే విషం ఉంటుంది. ఒంట్లో చక్కెరను ఒక్కసారిగా పడదోసి వాంతులు తెప్పిస్తుంది, ఒక్కోసారి ప్రాణమే తీస్తుంది.

అందుకే జమైకా వంటింటి నియమం ఒక్కటే: కాయను మనం తెరవకూడదు, అదే తెరుచుకోవాలి. ఎర్రటి కాయ చెట్టు మీదే మూడు చీలికలుగా విచ్చుకుంటుంది. లోపల మూడు నల్లటి గింజలు నిగనిగలాడుతుంటాయి. వాటిని అంటిపెట్టుకుని మీగడ రంగు గుజ్జు ఉంటుంది. తినేది ఆ గుజ్జు ఒక్కటే. గింజ తీసేస్తారు, గుజ్జు మధ్యనున్న ఎర్రటి పొరను గిల్లేస్తారు, ఉడికించి ఆ నీళ్లు పారబోస్తారు. తర్వాత ఉప్పుచేపతో కలిపి వేయిస్తే చూడటానికి అచ్చం గిలకొట్టి వేయించిన కోడిగుడ్డు పొరటులా ఉంటుంది. అమెరికా 1973లో ఈ పండు దిగుమతిని నిషేధించి, 2000లో షరతులతో తలుపు తెరిచింది. జమైకా ఇళ్లలో పెద్దవాళ్లు ఏనాడో పెట్టుకున్న షరతు కూడా అదే: సరిగా పండిందే లోపలికి రావాలి.

రెండో పాఠం వగరును విరవడం.

తెలుగువాళ్లకు తునికి అనగానే బీడీ ఆకు గుర్తొస్తుంది, పండు గుర్తుకురాదు. ఎండాకాలంలో ఆకు కోతకు అడవికి పోయినవాళ్లకు మాత్రం ఆ పండు బాగా తెలుసు. నిమ్మకాయంత పసుపు పండు, లోపల మెత్తటి గుజ్జు, సపోటాను తలపించే తీపి. దోరగా ఉన్నప్పుడే కొరికితే నాలుక మొద్దుబారుతుంది, నోరంతా పిడచకట్టుకుపోతుంది. కారణం టానిన్లు. అవి లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని గడ్డ కట్టిస్తాయి. పండు పూర్తిగా మాగితే ఆ టానిన్లు తమలో తామే ముద్దకట్టి కరగకుండా పోతాయి. అప్పుడిక నాలుకకు చిక్కవు. వగరు ఎక్కడికీ పోలేదు, కనబడకుండా దాక్కుందంతే.

తునికికి జపాన్‌లో ఒక దగ్గరి చుట్టముంది. దాని పేరు కాకి! మన పక్షితో దానికేమీ సంబంధం లేదు. పర్సిమన్ అని ఇంగ్లిష్‌వాళ్లు పిలిచేది దాన్నే. అందులో వగరు రకాలను జపాన్ పల్లెల్లో ఎలా లొంగదీస్తారో చూడాలి. శరత్తులో పండ్లు గట్టిగా ఉండగానే తొక్క చెక్కుతారు. తొడిమకు దారం కట్టి చూరుకు వేలాడదీస్తారు. పైన సన్నటి పొర కట్టాక ఒక్కో పండునూ వేళ్లతో మెల్లగా పిసుకుతారు. ఇలా కొన్ని వారాల పాటు గాలికి ఆరనిస్తే లోపలి చక్కెర పైకి తేలి, తెల్లటి పిండి చల్లినట్టు అంటుకుంటుంది. దాన్ని హోషిగాకి అంటారు. నోట పెట్టలేని కాయే చలికాలం మిఠాయి అయింది.

మూడోది చెట్టును ఎంచుకోవడం. రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వవిలోవ్ 1929లో కజకిస్తాన్‌లోని అల్మా-అటా చేరినప్పుడు ఊరి చుట్టూ కొండల మీద అడవి ఆపిల్ చెట్లు కమ్ముకుని కనిపించాయి. మనం తినే ఆపిల్‌కు మూలపుటమ్మ ఈ తియాన్‌షాన్ కొండల చెట్టేనని తర్వాత జన్యు పరిశోధనలు తేల్చాయి. అక్కడ గింజ నుంచి మొలిచిన ప్రతి చెట్టుకూ రుచి వేరు. ఒకటి తేనె, పక్కది చేదు, ఆ పక్కది పిప్పి. ఈ అడవిలో మనిషి కంటే ముందు మార్కులు వేసినవి ఎలుగుబంట్లని ఆక్స్‌ఫర్డ్ వృక్షశాస్త్రవేత్త బారీ జూనిపర్ వాదన. తీయటి పెద్ద పండ్లను ఏరుకు తిని, వాటి గింజలనే అవి కొండకొండకూ మోశాయట. మన నాటు మామిడి సంగతీ అంతే. అంటు తోటలు రాకముందు ఊళ్లో ఒక్కో చెట్టుకు ఒక్కో పేరుండేది. బావిగట్టు చెట్టు పచ్చడికి, చెరువు కింద చెట్టు రసానికి అని పిల్లలు కూడా చెప్పగలిగేవారు.

మన్యంలో మొదటి పాఠమైన ఎదురుచూపు పండుగ రూపం తీసుకుంది. పలు గిరిజన గూడేల్లో కొత్త మామిడిని దేవతలకు నివేదించేదాకా ఎవరూ నోట పెట్టరు. భక్తి సరేసరి, ఈ కట్టుబాటు వల్ల కాయకు టెంక ముదిరే గడువూ దొరుకుతుంది.

ఆ గడువు దొరకని చెట్టు మొర్రి. వేసవిలో నల్లబడే ఈ చిన్న పండు మీద గుజ్జు పలచన, పులుపు కలిసిన తీపి. పిల్లలు చప్పరించి గింజ ఊసేస్తారు. పెద్దలు ఆ గింజలు పోగేస్తారు, ఎందుకంటే పగలగొడితే వచ్చేది మిఠాయిల మీద చల్లే సారపప్పు. సరిగ్గా ఇదే లక్షణం దక్షిణాఫ్రికా అడవుల మరూలాది. రెండూ మామిడి కుటుంబమే. మరూలా పచ్చగా ఉండగానే రాలి, నేల మీద పసుపుకు తిరుగుతుంది. రాతి టెంకను కొట్టి నూనె పప్పు తీయడం అక్కడి ఆడవాళ్ల చేతి పనితనం. రాలిన పండ్లు తిని ఏనుగులు మత్తెక్కి తూలతాయన్న కథ జగమంతా తిరిగింది కానీ, ఏనుగు ఒంటికి ఆ పండ్లతో మత్తెక్కడం దాదాపు అసాధ్యమని 2006లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చెప్పారు. మరూలా తనంత తాను రాలేదాకా జనం ఆగుతారు. మొర్రికి ఆ అదృష్టం తగ్గుతోంది. పప్పుకు ధర పెరిగేకొద్దీ ఒకరికంటే ముందు ఒకరు అడవిలోకి పోయి, పచ్చి మీదే కొమ్మలు విరిచేస్తున్నారు. పండని గింజ మొలవదు. విరిగిన కొమ్మ మరుసటేడు కాయదు.

ఇన్ని చూశాక ర్యాంకులు వేయాల్సివస్తే ఒక్క పట్టిక చాలదు. వాసనను దాటుకుని వచ్చే రుచికి దురియన్ ముందుంటుంది. మనిషి ఓపికకు పరీక్ష పెట్టడంలో ఆకీ, కాకి పోటీ పడతాయి. తెర వెనక సేవకు మాత్రం మొదటి స్థానం మన పాలచెట్టుది. వేసవిలో పసుపురంగు చిన్న పండ్లిచ్చే ఈ అడవి చెట్టుకు బజారులో పెద్ద విలువ లేదు. నర్సరీల్లో సపోటా అంటు కట్టేది మాత్రం ఎక్కువగా పాల మొక్క మీదే. కరువుకు తట్టుకునే దాని వేరు మీద నిలబడి, మధ్య అమెరికా నుంచి వచ్చిన సపోటా కాస్తోంది. తినేవాళ్లకు కింద ఎవరున్నారో తెలియదు.

ఫెయిర్‌చైల్డ్ మెచ్చిన మాంగోస్టీన్ ఇప్పుడు హైదరాబాద్ పండ్ల దుకాణాల్లోనూ దొరుకుతోంది. తియాన్‌షాన్ ఆపిల్‌కు ఇది పూర్తిగా విరుద్ధం. దీని గింజ పరాగంతో పని లేకుండానే కడుతుంది కాబట్టి పిల్ల చెట్టు తల్లికి నకలే. ఏ చెట్టుదన్న ప్రశ్న పెద్దగా లేదు, ఎప్పటిదన్నదే ప్రశ్న. తెలిసినవాళ్లు బేరం కంటే ముందు బొటనవేలితో ఊదారంగు తొక్కను నొక్కుతారు. కాస్త లొంగితే తీసుకుంటారు, రాయిలా ఉంటే పక్కన పెడతారు. తర్వాత పండును తిరగేస్తారు. అడుగున చెక్కినట్టు చిన్న పువ్వు గుర్తు ఉంటుంది. దాని రేకులు లెక్కపెడతారు: ఆరు. ఇంటికెళ్లి కోస్తే తెల్లటి తొనలు ఆరే ఉంటాయి. అందులో ఒకటి మిగతావాటికంటే లావు. గింజ ఉండేది దాంట్లోనే.