పార పట్టిన సిపాయి పేరేది?

నేరేడ్‌మెట్ చౌరస్తా నుంచి ఎటు నడిచినా పట్టాలం జాడ తగుల్తది. ఇటు సైనిక్‌పురి, అటు తిరుమలగిరి. పెద్దోళ్ళు ఇప్పటికీ సికింద్రాబాదును లష్కర్ అనే అంటారు. 19వ శతాబ్దంలో ఈ దండులో మద్రాసు సైన్యం ఉండేది. ఆ సైన్యానికి బాటలు వేసి, వంతెనలు కట్టి, కందకాలు తవ్విన ఇంజనీరు సిపాయిలు మద్రాసు సాపర్లు. 1780లో పయనీర్లుగా మొదలై, 1831లో 'సాపర్లు, మైనర్లు' అయ్యారు. వాళ్ళల్లో పరయలు చాలామంది. తెలుగువాళ్ళూ ఉన్నారు.

వీళ్ళ చరిత్రను హెచ్.ఎం. వైబార్ట్ అనే ఇంజనీరు అధికారి 1881-83లో రెండు సంపుటాలుగా రాశాడు. దండయాత్రల వివరాలకు ఆ పుస్తకం చూడక తప్పదు. కానీ చదువుకున్న మొదటి తరం వాళ్ళంగా మేము అందులో వెతికేది మనవాళ్ళ పేర్లు. దొరల పేర్లు పేజీపేజీనా ఉన్నయి. పతకాలు దక్కిన కొద్దిమందిని వదిలేస్తే సిపాయిలు ఎక్కువగా అంకెలే. ఇంతమంది చచ్చారు, ఇంతమందికి దెబ్బలు తగిలాయి, అంతే.

1868 అబిసీనియా (నేటి ఇథియోపియా) దండయాత్రనే చూడండి. సముద్రపు ఒడ్డున జూలా నుంచి మగ్దలా కోట దాకా సుమారు 400 మైళ్ళు. ఫిరంగులు మోసే ఏనుగులు కొండ కనుమలు దాటాలంటే ముందు బాట కావాలె. ఆ బాటలో మద్రాసు సాపర్ల చెమట ఉంది. ఏప్రిల్ 13న కోట పడింది. గోడెక్కిన ఇద్దరు తెల్ల సిపాయిలకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. బాట వేసినోడికి ఆ పతకం అడిగే హక్కే లేదు. 1911 దాకా అది భారతీయ సిపాయిలకు అందలేదు.

ఈ సిపాయిలకు కుల పట్టింపు లేదు, ఏ పనైనా చేస్తారని దొరల మెప్పు. తవ్వుడు, మోసుడు ఊళ్ళో మనకు కులం అంటగట్టిన పనులే కదా! సైన్యం దాన్నే విద్యగా వాడుకుంది. అంటే ఆ మెప్పులోనూ కులమే ఉంది. అయితే ఊళ్ళో అది వెట్టి, పట్టాలంలో జీతం, పింఛను. ఈ తేడాను మేము తక్కువ చేయం.

ఆ మెప్పు కూడా నిలవలేదు. 1881-85 మధ్య మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్, దక్షిణాది సిపాయికి యుద్ధగుణం పోయిందన్నాడు. 'వీరజాతుల' సిద్ధాంతం పుణ్యమా అని 1892లో మహర్ల భర్తీ ఆగింది. సాపర్లు మాత్రం మిగిలారు. వీరులని ఒప్పుకోకపోయినా, వాళ్ళ పార లేకుండా సైన్యం కదలదు.

అట్లని అన్నీ కీర్తిగా రాసుకుందామా? 1840-42లో చైనా మీద నల్లమందు యుద్ధంలోనూ ఈ సాపర్లున్నారు. పరాయి జనాన్ని లొంగదీయడానికి వేసిన బాటను మన విజయమనలేం. నైపుణ్యం మనది, యుద్ధం మనది కాదు. దొర రాసిన చరిత్ర మొదటిదాన్ని దాచింది. మనం రాసే చరిత్ర రెండోదాన్ని దాచొద్దు.

లష్కర్ చుట్టుపక్కల బస్తీల్లో ఏ ట్రంకుపెట్టెలోనైనా తాతల పింఛను కాగితం ఉంటే విద్యార్థులు అడిగి చూడాలె. అంకెల వెనక ఉన్న పేర్లు అక్కణ్ణుంచే మొదలవుతయి.