సౌండ్ తీసేసి చూస్తే

రాత్రి మనవరాలు పడుకున్నాక టీవీ సౌండ్ పూర్తిగా తీసేసి పాత సినిమాలు చూడటం నాకు అలవాటు. బడంగ్‌పేట్‌కు వచ్చాక అబ్బిన అలవాటే. మొన్న ‘మాయాబజార్’ అలాగే చూశాను. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి. ఒక్క మాట వినబడకపోయినా ఆ భుజాలు విరుచుకోవడంలో, కనుబొమలు ఎగరేయడంలో అసలు ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు కనబడ్డారు. మూకీ నటులు బతికింది ఈ ఒక్క విద్య మీదే!

మూకీ స్టూడియో అంటే మనకు చాప్లిన్ పనిచేసిన కీస్టోన్, ఎస్సనే గుర్తొస్తాయి. మన హైదరాబాద్‌లోనూ ఒకటి ఉండేది. 1922లో ధీరేన్ గంగూలీ పెట్టిన లోటస్ ఫిల్మ్ కంపెనీ. ఆయన శాంతినికేతన్‌లో చదివిన బెంగాలీ చిత్రకారుడు. ఇక్కడి ఆర్ట్ కాలేజీలో పాఠాలు చెప్పారు. సినిమాల్లోకి రాకముందే తన ముఖం మీదే రకరకాల వేషాలు దిద్దుకుని, ఫొటోలు తీయించుకుని ‘భావేర్ అభివ్యక్తి’ అనే పుస్తకం వేశారు. ఒకే ముఖం, పేజీ తిప్పితే ఇంకో మనిషి. కుంచె పట్టిన చెయ్యి కాబట్టే ఏ గీత ఎక్కడ పడితే ముఖం మారిపోతుందో ఆయనకు తెలుసు. నటనకు ఇంతకన్నా గట్టి పునాది నాకు తోచదు.

‘ఇంద్రజిత్’, ‘లేడీ టీచర్’ లాంటి సినిమాలు ఇక్కడే తీశారు. 1924లో తన సినిమా హాల్లో ‘రజియా బేగం’ ఆడించారు. ముస్లిం రాణి, హిందూ ప్రియుడు ఉన్న కథ. నిజాం ప్రభువుకు కోపమొచ్చి సంస్థానం విడిచి పొమ్మన్నారు. గంగూలీ కలకత్తా వెళ్లిపోయారు. లోటస్ కథ రెండేళ్లకే ముగిసింది. ఆ మనిషికే తర్వాత 1975 సంవత్సరానికి ఫాల్కే అవార్డు ఇచ్చారు. మన ఊరి సినిమా చరిత్రను సారథి స్టూడియో నుంచే మొదలుపెట్టడం నాకు మాత్రం అన్యాయంగానే కనబడుతుంది.

దేశంలో తీసిన సుమారు 1,300 మూకీల్లో మిగిలినవి ముప్పై దాకానే. అందులోనూ కొన్ని ముక్కలే. అప్పటి నైట్రేట్ రీలు ఇట్టే అంటుకునేది, ఉన్నచోటే పొడి అయిపోయేది.

పాతబస్తీ ఇళ్లల్లో, జిల్లాల్లో మూతపడ్డ సినిమా హాళ్లల్లో తుప్పు పట్టిన రీలు డబ్బా కనబడితే దయచేసి పాత సామాన్లకు వేయకండి. పొయ్యికి, ఎండకు దూరంగా ఉంచి పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు కబురు పెట్టండి.