కరగని అతుకు: ‘ఫ్రిక్షన్ స్టర్ వెల్డింగ్’ - తెలుగు పరిభాషా విమర్శ

వ్యాససంగ్రహం: మందపాటి అల్యూమినియం మిశ్రలోహ పలకలను కరిగించకుండా అతికే ప్రక్రియకు తెలుగు పేరు పెట్టడంలోని అర్థసమస్యను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పరిభాష, వృత్తిపదాలు, అతుకు, మథనం, మర్దనం.

1. ఉపోద్ఘాతం

మంచిర్యాల, మందమర్రి, శ్రీరాంపూర్ వంటి సింగరేణి ప్రాంతాల్లో ‘వెల్డింగ్’ తెలుగుమాటగానే స్థిరపడింది. దాన్ని మార్చనవసరం లేదు. చిక్కల్లా ‘లోహాలను కరిగించి అతకడం’ అనే నిర్వచనంతోనే. 1991లో ఇంగ్లండులోని వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో రూపొందిన ఫ్రిక్షన్ స్టర్ వెల్డింగ్ ఈ నిర్వచనానికి లొంగదు.

2. ప్రక్రియాస్వరూపం

మొన, భుజం ఉన్న గట్టి పనిముట్టు గిరగిర తిరుగుతూ రెండు పలకల సందులోకి దిగి, ఆ సందు వెంబడి సాగుతుంది. రాపిడి వేడికి లోహం మెత్తబడుతుందే తప్ప కరగదు. అందువల్ల, కరిగిన అల్యూమినియం హైడ్రోజన్‌ను పీల్చుకోవడం వల్ల ఏర్పడే సూక్ష్మరంధ్రాల బెడద తప్పుతుంది. అయితే పలక మందమైనకొద్దీ పైభాగానికి, అడుగుకు వేడిలో తేడా పెరుగుతుంది. భుజం రాపిడితో పైభాగం కాగుతుండగా, అడుగునున్న ఆధారఫలకం వేడిని లాగేస్తుంది. లోహం సరిగా కలవకపోతే పైకి నున్నగా కనిపించే అతుకు లోపల సొరంగం వంటి ఖాళీ మిగిలిపోవచ్చు. అందుకే మందపు పలకలను కొన్నిసార్లు రెండు వైపుల నుంచీ అతుకుతారు.

3. పదవిమర్శ

‘ఘర్షణ వెల్డింగ్’ అంటే చాలదు. వస్తువులనే ఒకదానితో ఒకటి రాపాడించి అతికే మరో పద్ధతికి ఆ పేరు చెందుతుంది. ‘ఘర్షణ మథన సంధానం’ గంభీరంగా ఉన్నా అర్థాన్ని తలకిందులు చేస్తుంది. కవ్వం వెన్నను మజ్జిగ నుంచి వేరు చేస్తుంది. ఈ పనిముట్టు రెండింటిని ఒకటి చేస్తుంది. పైగా మథనం ద్రవాన్ని స్ఫురింపజేస్తుంది. ఇంగ్లీషు ‘స్టర్’కూ ఈ దోషం కొంత ఉంది. పిండిని పిసికే ‘మర్దనం’ ఇక్కడ మేలు. అందులో పదార్థం ద్రవం కాకుండానే రూపు మారుతుంది.

తెలుగు వృత్తిభాషలో ఈ వివేకం కొత్తది కాదు. గిన్నెకు వేసే ‘మాటు’లో వేరే లోహం కరిగి చేరుతుంది. కమ్మరి ఇనుమును కొలిమిలో కాల్చి సమ్మెటతో కొట్టి అతికినప్పుడు ఏదీ కరగనక్కరలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన వ్యవసాయ (1962), చేనేత (1971) వృత్తిపదకోశాలు పనివారి నోటి నుంచే పదాలను సేకరించాయి. వెల్డింగ్ పరిభాషకూ ఆ మార్గమే శరణ్యం.

4. ముగింపు

‘రాపిడి మర్దన వెల్డింగ్’ అనే పేరు ప్రక్రియకు దగ్గరగా ఉంటుంది. అంతకన్నా ముందు నిర్వచనాన్ని సవరించాలి. ‘కరిగించి’ అని కంఠస్థం చేసిన తెలుగు మాధ్యమ విద్యార్థి, కరగని అతుకులోని లోపాన్ని ఎక్కడ వెతకాలో ఊహించలేడు. పరిభాషాదోషం పుస్తకంలోనే ఆగిపోదు. అది పనివాని చూపునూ పక్కదారి పట్టిస్తుంది.